వెనక చక్రానికి సెలవు

పదకొండేళ్ళుగా శాంటియాగోలో సిటీ బస్సు నడుపుతున్నాను.
నా చక్రం ఒక్కసారీ జారలేదు.
డిపో గోడ మీద నా పేరు, పక్కన చిన్న ఇత్తడి నక్షత్రం.
జారకపోవడానికే నాకు జీతం.

ఆదివారం పొద్దున మాత్రం
పాత కొండసైకిలు నెట్టుకుంటూ
తూర్పు గుట్ట ఎక్కుతాను,
పదిహేడేళ్ళ పిల్ల దగ్గర
జారడం నేర్చుకోవడానికి.

పేరు రయేన్. పంక్చర్ల కొట్లో పని.
గోళ్ళ కింద ఎప్పుడూ గ్రీజు.
నా వయసుతో దానికి పని లేదు,
"మిరేయా! బ్రేకు!" అని అరుస్తుంది,
స్టాపు దాటించేస్తే ప్రయాణికులు అరిచినట్టు.

మార్చి నెల. వాన మొహం చూసి ఐదు నెలలు.
దారంతా జల్లించిన పిండి,
పిండి కింద గోళీల్లాంటి గులకరాళ్ళు.
అడుగేస్తే చీలమండ దాకా దిగి
ఉఫ్‌మని లేస్తుంది ధూళి.
ఇక్కడ నేల ఎవర్నీ పట్టుకోదు.
పట్టుకోమని అడక్కూడదు కూడా, అంటుంది రయేన్.

మొదటి వారం మోచెయ్యి.
రెండో వారం మోకాలు, మళ్ళీ అదే మోచెయ్యి.
మూడో వారం ఎస్పినో ముళ్ళపొదలో
నేనొక చోట, సైకిలొక చోట,
నా గౌరవం ఇంకా కిందికి దొర్లుతూ ఎక్కడో.
సోమవారం బస్సెక్కిన ముసలాయన
నా కట్టు చూసి "మొగుడా?" అన్నాడు గొంతు తగ్గించి.
"కాదు, మలుపు" అన్నాను.
నమ్మలేదు. దిగేటప్పుడు నా అరచేతిలో
రెండు పిప్పరమెంట్లు పెట్టి పోయాడు.

జారిపోవడం నాకు తెలుసు.
చెయ్యి జారిన గ్లాసు, నోరు జారిన మాట;
ఆ మాటకి నాలుగేళ్ళయింది
అన్న మా గడప తొక్కి.
జారుకోవడమూ తెలుసు,
పెళ్ళి విందుల్లోంచి, పాట పాడమంటారేమోనని.
రయేన్ అడిగేది ఈ రెండూ కాదు.
జారుతూ ఉండటం.
జారుతూనే, ఉండటం.

"సైకిల్ని వాల్చు, నువ్వు వాలకు.
బయటి కాలు కిందికి, బరువంతా దాని మీద.
ముందు చక్రం నీది. ఎవరికీ ఇవ్వకు.
వెనక చక్రానికి సెలవియ్యి."
"ఎటు చూడాలి?"
"పడబోయే చోటికి మాత్రం కాదు."
అద్దంలో వెనక్కి చూస్తూ బతికిన మెడ నాది.
మలుపు చివరికి తిరగడానికి దానికి ఏడు వారాలు పట్టింది.

మూడో మలుపు. ఎడమకి తిరిగేది.
లోపలి అంచున కాలిన మొద్దు ఒకటి.
బ్రేకు మీంచి వేలు తనంతట తనే లేచింది.
వెనక చక్రం కదిలింది,
ముందు కాస్త సందేహంగా,
తర్వాత నూనె వేసిన తలుపులా.
మొత్తం కొండ నా నడుం చుట్టూ తిరిగింది.
హ్యాండిలు కుడికి, నేను ఎడమకి,
గుండె మాత్రం మధ్యలో,
బస్సులో నిలబడ్డవాళ్ళు పట్టుకునే పిడిలా ఊగుతూ.
చక్రం కింద రాళ్ళ చప్పుడు, మూకుడులో శనగలు వేగినట్టు.
ఎంతసేపు? ఒకటిన్నర సెకను.
నేల పట్టుకోలేదు. నేను పడలేదు.
రెండు చక్రాలూ మళ్ళీ ఒక దారిన పడి
ఏమీ ఎరగనట్టు ముందుకు పోయాయి.

"చూశావా!"
రయేన్ బండ మీద కూర్చుని, రొట్టె సగం నోట్లో,
టైర్లో దిగిన ముల్లు లాగుతోంది.
"ఏంటి?"

వెనక్కి నడిపించుకెళ్ళి చూపించాను.
దుమ్ములో కొడవలి గీత,
లోతు తక్కువ, అంచు శుభ్రం.
వంగి, ఒక చోట వేలు పెట్టి
"ఇక్కడ భయపడ్డావు" అంది.
నిజమే. అక్కడ గీత సన్నగా వణికింది.
ఇంతలో లోయలోంచి మధ్యాహ్నపు గాలి లేచింది.
మేం నీళ్ళు తాగి సీసా మూత బిగించేలోపు
వణుకూ లేదు, కొడవలీ లేదు.

సోమవారం, ఐదున్నర షిఫ్టు.
సర్కిల్ దగ్గర ఎవరో నీళ్ళు పారబోశారు.
బస్సులో నలభై మంది, ఒక పసిబిడ్డ, ఒడిలో కేకు డబ్బా.
ఇరవైలో కుడికి తిప్పాను, నక్షత్రానికి తగ్గట్టు.
ఎవరికీ తెలీకుండా
ఏ పనీ లేని నా ఎడమ మడమ
నెమ్మదిగా కిందికి దిగింది.